బాలమణి చూసిన రెండు నదులు

2019లో నేను మహబూబ్‌నగర్‌లోని ఒక దవాఖానలో డయాలసిస్ నర్సుగా చేస్తున్నాను. మూత్రపిండాలు పనిచేయని వారి రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేసే విభాగం అది. ఒక్కొక్కరూ వారానికి మూడుసార్లు వచ్చి, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు పడుకోవాలి. ఆ నాలుగు గంటల్లో మాటలు తప్ప వేరే కాలక్షేపం ఉండదు. అందరి ఇళ్ల సంగతులూ మాకు తెలిసిపోతాయి.

మూడో పడక బాలమణిది. వయసు నలభై ఎనిమిది. సోమ, బుధ, శుక్రవారాలు ఆమె వంతు. జబ్బు పడకముందు ఇరవై ఏళ్లు కట్టడం పనులకు వలస వెళ్లింది. పుణె, బొంబాయి, బెంగళూరు అన్నీ చూసే ఉంటుందనుకుని ఒకరోజు ఆ మాటే అంటే తల అడ్డంగా ఊపింది.

“యాడ జూసిన సిస్టర్? మంది తోటి లారీల పోవుడు, ఇటుకలు మోసుడు, మళ్ల మంది తోటే వచ్చుడు. గిప్పుడు దవాఖానకు గూడ బిడ్డ చెయ్యి వట్టుకొని తోల్కొస్తది. ఒక్కదాన్నే బస్సెక్కి యాడికన్న పోవాలె. పనికి గాదు, ఉత్తగ జూడనీకి.”

“యాడికి పోతవక్కా?”

“ఆలంపూర్. తుంగభద్ర నిండుగ పారుతాందంట.”

డాక్టరుగారిని అడిగాను. డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, నిలకడగా ఉంది కాబట్టి ఒక పగలు వెళ్లిరావచ్చన్నారు. ఆ వారమంతా ఇద్దరం ప్రయాణానికి సిద్ధమయ్యాం. పావు లీటరు సీసా ఇచ్చి, దారి పొడవునా ఆ నీళ్లతోనే గొంతు తడుపుకోవాలన్నాను. కొబ్బరినీళ్లు, అరటిపళ్లు ముట్టొద్దన్నాను. వాటిలోని పొటాషియం ఇలాంటివారి గుండెను ఆపేయగలదు. ఎడమ చేతికి ఫిస్టులా ఉంది, అంటే సూదులు గుచ్చడానికి వీలుగా రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు. ఆ చేతికి సంచి తగిలించొద్దన్నాను. డయాలసిస్ అయిన మర్నాడే వెళ్లాలన్నాను. అన్నిటికీ తలూపింది. బస్సులో ఎటువైపు కూర్చుంటే ఎండ పడదో కూడా ఎవరినో కనుక్కుని వచ్చింది.

ఒక శనివారం వెళ్లింది. సోమవారం బరువు చూస్తే కిలో కూడా పెరగలేదు.

“కిటికీ కాడ కూసున్న సిస్టర్. నన్నెవ్వలు ఏం అడగలె. మెట్ల మీద కూసొని కాళ్లు నీళ్లల్ల వెట్టిన. ఆకలైనప్పుడు తిన్న, లేవబుద్ధైనప్పుడు లేసిన. జల్ది నడువు అనేటోళ్లు లేరు.”

నాలుగు గంటలూ అదే చెప్పింది. పక్క పడకల వాళ్లు నిద్రపోకుండా విన్నారు.

ఆ వానాకాలంలోనే సోమశిల వెళ్లి కృష్ణను కూడా చూస్తానంది. మొదటి ప్రయాణం చక్కగా జరగడంతో నేను పెద్దగా ఆలోచించలేదు. శనివారం వాన పడిందని ఆమె ఆదివారం బయల్దేరింది. తిరిగొచ్చే దారిలో ఒక వాగు పొంగి రోడ్డెక్కింది. బస్సులు ఆగిపోయాయి. వాగుకు అవతలి ఊళ్లో ఒక కిరాణా కొట్టువాళ్లు ఆమెను ఇంట్లో ఉండమన్నారు. అక్కడి నుంచి కూతురు యాదమ్మకు ఫోన్ చేసింది. “వాగు దిగంగనే వస్త. ఫికర్ జేయకు,” అందట.

సోమవారం మూడో పడక ఖాళీగా ఉంది. రిజిస్టర్లో ‘రాలేదు’ అని రాసి, అత్యవసరంగా వచ్చిన ఇంకొకరిని అక్కడ పడుకోబెట్టాను. వానకు ఆగి ఉంటుంది, రేపు వస్తుందిలే అనుకున్నాను. ఫోన్ చేయలేదు. నా నంబరు ఆమె దగ్గర లేదు.

వాగు తగ్గాక, మంగళవారం మధ్యాహ్నం యాదమ్మ ఆమెను ఆటోలో తెచ్చింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. కూర్చోబెట్టి డయాలసిస్ మిషన్ పెడుతుంటే కుడిచేత్తో నా కొంగు పట్టుకుంది.

“కోపం జేయకు సిస్టర్. నీళ్లు తాగలె. జూసిన, గంతే.”

“మాట్లాడకక్కా. జర ఓపిక పట్టు.”

గంట తిరక్కముందే గుండె లయ తప్పింది. ఐసీయూకి మార్చాం. బుధవారం పొద్దున పోయింది.

తర్వాతి వారం యాదమ్మ కాగితాల కోసం వచ్చింది. బాలమణి ఆగిన ఊరికి అరగంట దూరంలో, వాగుకు అవతలే, ఇంకో డయాలసిస్ సెంటర్ ఉందని ఈలోపు నాకు తెలిసింది. ఆ రెండు రోజులూ అక్కడికి ఆటోలు తిరిగాయి. యాదమ్మకు చెప్పకుండా ఉండలేకపోయాను.

సంతకం పెడుతున్న యాదమ్మ తలెత్తింది. “మా అమ్మకు తెల్వదు. నాకు తెల్వదు. మీకు తెల్వాలె గద సిస్టర్.”

“తెల్వాలె,” అన్నాను.

ఆమె గొంతు పెంచలేదు. కాగితాలు తీసుకుని వెళ్లిపోయింది.

ఏం తినాలో, ఎంత తాగాలో, సంచి ఏ చేత్తో మోయాలో అన్నీ నేర్పాను. తిరిగి రాలేకపోతే ఏం చేయాలో మాత్రం నేర్పలేదు. ఇక ఎవరినీ పంపొద్దని డాక్టరుగారు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆలంపూర్ వెళ్లొచ్చిన తర్వాతి సోమవారం బాలమణి ముఖం నేను చూశాను మరి. ఇప్పుడు ఎవరు వెళతానన్నా దారిలోని సెంటర్లకు నేనే ముందు ఫోన్ చేసి చెబుతాను, నా సొంత నంబరు రాసిస్తాను. వంతు రోజున పడక పావుగంట ఖాళీగా ఉంటే ఫోన్ చేస్తాను. చాలామంది క్షేమంగా వెళ్లొచ్చి, చూసినవన్నీ చెబుతారు. కూర్చుని వింటాను. కానీ వాళ్లు వచ్చి కాటా ఎక్కేదాకా నాకు అన్నం సయించదు.