బల్లి పలికిన బండి

మా మేనమామ పోయారన్న కబురు ఆదివారం పొద్దున్న, నేను తులసికోట దగ్గర దీపం పెడుతుండగా వచ్చింది. "నిద్దట్లోనే ఎలిపోనారే" అంది అత్త ఫోనులో. చేతిలో అగ్గిపుల్ల వేలిదాకా కాలిపోయింది. పదోరోజున ఆమదాలవలసలో, ఆయన షెడ్డు ముందు టెంటులో కూర్చుని వచ్చినవాళ్లంతా తలో మాటా చెప్పుకున్నారు. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. చెప్పకుండా తెచ్చుకున్న మాట లోపల కొట్టుకుంటూనే ఉంది. అందుకే ఇన్నాళ్లకు కలం పట్టాను.

మావయ్య కార్ల మెకానిక్కు. బానెట్ ఎత్తే ముందు చేతులు తుడుచుకుని, బండికోసారి దణ్ణం పెట్టేవారు. పక్కన ఎవరైనా కబుర్లాడితే, "ఉండండ్రా, అది సెప్తన్నాది" అని కసిరేవారు. ఆయన లెక్కలో ప్రతి బండీ ఏదో ఒకటి చెబుతూనే ఉండేది.

కొన్నేళ్ల కిందట మా కారు టిక్ టిక్ అనడం మొదలుపెట్టింది. స్టేషనులో దిగినవాళ్లను ఊళ్లకు చేర్చే బండి అది. మా ఇంటిల్లిపాదికీ అదే తిండి. ఇంజను మొత్తం విప్పాలని, బోలెడు ఖర్చని ఎవరో అన్నారట. ఇవేవీ అప్పటికి నాకు తెలియవు. అరసవల్లి దర్శనం చేసుకుని వస్తుంటే మా ఆయన రోడ్డు వైపే చూస్తూ, "బండి అమ్మీసి ఐదరాబాదు ఎలిపోతానే. ఎవుల కారైనా తోలుకుంటాను. నువ్వు పిల్లల్ని సూసుకో" అన్నారు.

ఆ మాట పూర్తికాగానే టిక్, టిక్, టిక్.

బల్లి పలికిందనుకున్నాను. అన్న మాటకు బల్లి పలికితే అది జరిగి తీరుతుందని కదా మన నమ్మకం. గబగబా డాష్‌బోర్డు మీద వేలితో తట్టి "కృష్ణ కృష్ణ" అనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. సీటు కింద వంగి బల్లి కోసం వెతికాను కూడా. దారి పొడుగునా అది పలుకుతూనే ఉంది.

సరాసరి షెడ్డుకే వెళ్లాం. సంగతి విని మావయ్య పొట్ట పట్టుకుని నవ్వారు.

"బల్లి కాదే గుంటా! ఇంజను మాటాడతన్నాది. ఏటంటన్నాదో ఇందాం."

"అమ్మీద్దామనుకుంటన్నాను మావా" అన్నారు మా ఆయన.

"నువ్వు నోర్ముయ్ అల్లుడా. ముందు ఆయిలు సూడు."

ఆయిలు సరిగ్గానే ఉంది. "ఏడి మీద దీని మాట మారిపోతాది. ఇక్కడే ఒగ్గీండి. పొద్దున్నకి సల్లారి నిజం సెప్తాది" అన్నారు.

మర్నాడు మేం వెళ్లేసరికి ఊరంతా మంచులో ఉంది. షెడ్డు కూడా మంచులో తేలుతున్నట్టే ఉంది. బండి స్టార్టు చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని మావయ్య కళ్లు మూసుకున్నారు. చెవిలో మంత్రం చెప్పించుకుంటున్నవాడిలా ఉన్నారు. కొన జరుపుతూ జరుపుతూ ఒకచోట ఆగి, పిడి నా చెవికి పెట్టారు. ఎక్కడో చాలా దూరాన, కలలో, ఎవరో తలుపు తడుతున్నట్టు వినిపించింది.

ఇంజను ఆపి పైమూత విప్పారు. లోపల ఒక నట్టు వదులై, వాల్వుకీ దాన్ని నొక్కే ఇనప చేతికీ మధ్య సందు పెరిగింది. అంతే. ఆ సందు ఎంత ఉండాలో అంతే మందమున్న సన్నటి ఇనప రేకు అందులో దూర్చి నట్టు తిప్పసాగారు.

"అసలు సందే నేకుండా బిగించీ మావా, పీడా పోద్ది" అన్నారు మా ఆయన.

"బిగించీస్తే సప్పుడు రాదు. సప్పుడు నేకుండా వాల్వు కాలిపోతాది. కొట్టుకునేదానికి భయం నేదు అల్లుడా, మాటాడనిదానికే భయపడాల." అలా అంటూ మా ఆయన ముఖంలోకి ఒకసారి చూశారు. తర్వాత రేకు కొస నా చేతికిచ్చారు. "లాగు. పట్టీ పట్టనట్టు రావాల."

పట్టీ పట్టనట్టు అనేది మా ఇళ్లలో నిష్ఠూరం మాట. అయినవాళ్లు పలకరించకపోతే అంటాం. దాన్ని మెచ్చుకోలుగా వాడిన మనిషిని ఆయన్నొక్కరినే చూశాను. లాగాను. రేకును లోపల ఎవరో కాస్త పట్టుకుని, సరే పో అని వదిలినట్టు వచ్చింది.

మూత బిగించి స్టార్టు చేశాక, తన టీ గ్లాసు ఇంజను మీద పెట్టారు. టీ మీద మీగడ కదిలీ కదలనట్టు ఉంది.

"ఏటే గుంటా, నీ బల్లేటంటన్నాది?"

"పడుకుంది మావయ్యా" అన్నాను.

మా ఆయన పంపు దగ్గరికి వెళ్లి చాలాసేపు ముఖం కడుక్కున్నారు. హైదరాబాదు మాట మళ్లీ మా ఇంట్లో రాలేదు. కొన అరిగిన పాత రేకొకటి మావయ్య నాకిచ్చి, "ఇదీ నీ దేవుడికాడ పెట్టుకో" అని వేళాకోళమాడారు. నేను నిజంగానే పెట్టుకున్నాను.

ఆఖరుసారి చూడ్డానికి వెళ్లినప్పుడు ఆయన మంచం మీద ఉన్నారు. నా వేళ్లు ఆయన చేతిలో ఉన్నాయి.

"బండి బాగున్నాదేటే?"

"పొద్దుటి పూట కాస్త అంటోంది మావయ్యా."

"అననీ" అని కళ్లు మూసుకున్నారు. బస్సు వేళయిందని చెయ్యి తీసుకున్నాను. ఆయన వేళ్లు కాస్త పట్టుకుని, వదిలాయి.

ఈ కాగితాలు దేవుడి గూట్లో పెడుతున్నాను. ఎవరి చేతికి దొరికినా పదిలంగా ఉంచండి. ఎవరికీ చూపించకండి. మధ్యలో ఆ రేకు ఉంటుంది, పారేయకండి. ఇప్పుడే లాగి చూశాను. పట్టీ పట్టనట్టు వచ్చింది.