మామగారి కమాన్లూ, అల్లుడి కేకులూ

కళ్ళజోళ్ళ దుకాణం మామగారికి ఒక్కటే బలహీనత. చక్రాలున్నది ఏది కనబడినా దాని కిందికి దూరకుండా ఉండలేరు. కారు, లారీ, పాల వ్యాను, ఐస్‌క్రీం బండి, ఆఖరికి పక్కింటివాళ్ళు పసిపిల్లను కూర్చోబెట్టి తోసుకెళ్ళే చిన్న బండి... ఆయనకు తేడా లేదు. చొక్కా చేతులు పైకి మడిచి, నేల మీద వెల్లకిలా పడుకుని, వీపుతో పాక్కుంటూ లోపలికి వెళ్ళిపోతారు. ఆ తర్వాత లోకానికి మిగిలేవి రెండు పాదాలు. ఊళ్ళో సగం మంది ఆయన్ని ముఖం చూసి కాదు, ఆ పాదాలు చూసే గుర్తుపడతారు.

బేకరీ నడిపే అల్లుడు కూడా మొట్టమొదట మాట్లాడింది పాదాలతోనే. అప్పటికింకా అల్లుడు కాలేదు. అవుదామనే ఆశతో, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఇంటి ముందు ఒక కారు, దాని కింద పాదాలు.

"నమస్కారమండీ. నేనూ, మీ అమ్మాయీ పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాం."

కింద నుంచి గ్రీజు పూసిన చెయ్యి ఒకటి బయటికి వచ్చింది.

"ఆ పెద్ద పానా ఇలా అందించు."

అందించాడు.

"మా అమ్మాయికి ఇష్టమేనా?"

"ఇష్టమేనండి."

"నీ బండి కమాన్లు ఎలా ఉన్నాయి?"

"నాకు సైకిలొక్కటే ఉందండి."

"సీటు కింద స్ప్రింగులకి నూనె వేస్తున్నావా?"

"వారం వారం వేస్తానండి" అన్నాడు కుర్రాడు, జన్మలో ఒక్కసారి కూడా వేయనివాడు.

"అయితే సరే. లోపలికెళ్ళి మీ అత్తగారితో మాట్లాడుకో" అంది కారు. సంబంధం ఖాయమైపోయింది.

దుకాణంలోనూ ఇదే వరస. కళ్ళు పరీక్ష చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు గోడ మీద అక్షరాలు చదువుతుంటే, ఈయన చూపు కిటికీ బయట వాళ్ళ బండి మీద ఉండేది. "ఎడమ కన్ను బాగానే ఉందండీ. కానీ మీ బండి ఎడమ వెనక చక్రం వైపు ఒరిగిందే, చూసుకున్నారా?" అనేవారు. పాపం, చత్వారానికి అద్దాలు కొనుక్కుందామని వచ్చిన మనిషి చక్రం కుదుపును ఓర్చుకునే కమాను పట్టీ విరిగిందన్న సమాచారంతో ఇంటికి వెళ్ళేవాడు. చిత్రమేమిటంటే, ఆ మనిషి మర్నాడు మళ్ళీ వచ్చి అద్దాలు కొనుక్కునేవాడు. బండి గురించి నిజం చెప్పినవాడు కంటి గురించి అబద్ధం చెప్పడని నమ్మకం కాబోలు.

దుకాణం పెద్దకూతురికి అప్పజెప్పి ఇంటిపట్టున ఉండటం మొదలుపెట్టాక, మామగారు ఒక పాత ట్రైలరు కొన్నారు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లన్నమాట. నాలుగు చక్రాల మీద ఒక గది, గదిలో చెరోవైపు మంచం, మధ్యలో పొయ్యి, ఎడమవైపు మంచాన్ని ఆనుకుని వెడల్పాటి కిటికీ. సెలవులకి అందరం కలిసి హాయిగా తిరగొచ్చని ఇంట్లో ఆడవాళ్ళు సంబరపడ్డారు. చీరలు సర్దుకున్నారు కూడా.

మామగారు ట్రైలరు కిందికి వెళ్ళారు. ఇక బయటికి రాలేదు.

"లోపల దీపాలూ తెరలూ చూసి మురిసిపోతున్నారు గానీ, ఇల్లు మొత్తం నిలబడేది ఈ పట్టీల మీద" అని పాదాల వైపు నుంచి ఉపన్యాసం వినిపించేది. "పట్టీల్ని పట్టుకునే బోల్టులు చూశారా? బోల్టు చుట్టూ ప్లాస్టిక్ బుష్షు వేశాడు, మహానుభావుడు. అది అరిగిపోయి ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్నాయి. గుంటలో పడితే ఆ దెబ్బంతా పైన ఉన్నవాళ్ళ నడుముకే."

ప్లాస్టిక్ బుష్షులు పోయి కంచు బుష్షులు వచ్చాయి. మామూలు బోల్టులు పోయి, మధ్యలో సన్నని రంధ్రం ఉన్నవి వచ్చాయి. బయటి నుంచి గ్రీజు కొడితే నేరుగా లోపల అరిగే చోటి దాకా వెళుతుందట. మొరటు కమాన్లు పోయి, సన్నని పట్టీలు ఎక్కువున్న మెత్తని కమాన్లు వచ్చాయి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య, దెబ్బను రెండింటికీ పంచే తులాదండం లాంటి ముక్క ఒకటుంటుంది. దాన్నీ తీసేసి, నడుమ రబ్బరు దిమ్మ ఉన్నది వేశారు. ప్రయాణం మాత్రం వాయిదా పడుతూనే ఉంది.

అల్లుడి బేకరీ ఈ కథలోకి వచ్చింది అప్పుడే.

"నాకొక కేకు కావాలోయ్" అన్నారు మామగారు ఒక ఉదయం. "మూడంతస్తులది. పైన వెన్న మీగడ."

"ఎవరి పుట్టినరోజండీ?"

"ఎవరిదీ కాదు. మెత్తగా ఉండాలి."

"ఎంత మెత్తగా?"

"వేలు చూపిస్తే సిగ్గుపడాలి."

అల్లుడు కష్టపడి చేసి తెచ్చాడు. మామగారు దాన్ని ట్రైలరులో ఎడమవైపు మంచం మీద, దిండు ఉండవలసిన చోట పెట్టి, తలుపు వేసి, ఊరంతా ఒక చుట్టు తిప్పుకొచ్చారు. తిరిగొచ్చి తలుపు తీస్తే మూడంతస్తుల కేకు ఒక్క అంతస్తయింది. మీగడ గోడల మీదుంది.

"ప్రయాణం లేదు" అన్నారు మామగారు, మళ్ళీ కిందికి వెళుతూ.

రెండోసారి కేకు మూడంతస్తులతోనే వచ్చింది, కాకపోతే పక్కకి వాలి, చెవి ఒగ్గి ఏదో వింటున్నట్టుంది. "ఇది చాలదా నాన్నా?" అంది చిన్నకూతురు, అల్లుడి భార్య. "వాలింది" అన్నారాయన. అంతే. వీధిలో వాళ్ళకి మాత్రం పండగే. ట్రైలరు కదిలిన చప్పుడు వినగానే పళ్ళేలు పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాళ్ళు. "ఈసారి మీగడలో ఏలకుల పొడి వెయ్యమనండి మీ అల్లుణ్ణి, పరీక్ష ఇంకా బాగా తేలుతుంది" అని సలహాలు కూడా ఇచ్చేవాళ్ళు.

అత్తగారు మాత్రం నవ్వేది కాదు. "ఈయన ప్రేమంతా ఇనుము మీదే. నాకూ ఒంట్లో రెండు బోల్టులుంటే నా మొహమూ చూసేవారు" అనేది, ఏలకుల కేకు తింటూనే.

ఒకసారి మామగారు అల్లుణ్ణి వెంటబెట్టుకుని కమాను పట్టీల కోసం పొరుగూరు వెళ్ళారు. దారిలో పెట్రోలు బంకు దగ్గర వేరే ఎవరిదో ట్రైలరు ఆగి ఉంది. అల్లుడు టీ తెచ్చేసరికి మామగారు మాయం. ట్రైలరు యజమాని పాదాలు చూసి గొంతు పెంచాడు.

"ఎవడయ్యా కింద? దొంగతనానికి వచ్చావా?"

"దొంగైతే బోల్టులు విప్పుకుపోతాడు నాయనా. నేను బిగిస్తున్నాను" అన్నారు మామగారు లోపలి నుంచి. "కమాన్ని చట్రానికి పట్టి ఉంచే కొక్కెం చీలింది. ఇలాగే ఘాటు రోడ్డెక్కితే చక్రం ఓ దారి, నువ్వో దారి."

యజమాని వంగి చూశాడు. చూసి, నెమ్మదిగా నేల మీద కూర్చున్నాడు. వెనక మంచం మీద అతని పిల్లలు నిద్రపోతున్నారు. వెల్డింగు మనిషి దొరికేదాకా మామగారు అక్కడి నుంచి కదల్లేదు. కమాను పట్టీల దుకాణం మూసేశారు. మర్నాడు మళ్ళీ వెళ్ళాల్సొచ్చింది. అల్లుడికి ఆ రోజు నుంచి ఆయనంటే చిరాకు పడటం కష్టమైపోయింది. పడాలని గట్టిగా ప్రయత్నించినా కుదిరేది కాదు.

ఇంట్లో ఇంకొక మనిషి ఉంది. మామగారి అక్కగారు. అల్లుడు ఆవిణ్ణి పెద్దమ్మ అంటాడు. రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగంలో సగం జీవితం కదిలే పెట్టెల్లోనే గడిపిన మనిషి. ఆవిడ గొంతు వింటే టికెట్టున్నవాళ్ళు కూడా జేబులు తడుముకునేవారట. ఒకనాడు మెట్ల మీద జారిపడి వెన్నెముక దెబ్బతింది. గదిలో నాలుగడుగులు వేస్తుంది, కాసేపు కూర్చుంటుంది. కుదుపు మాత్రం పనికిరాదు. ఆసుపత్రికని ఒకసారి కారెక్కిస్తే, వచ్చాక చాలా రోజులు మంచం దిగలేదు. అప్పటి నుంచి ఆ గదే ఆవిడ లోకం. వీధి వైపు కిటికీ కూడా లేని గది.

ప్రయాణం మాట వచ్చినప్పుడల్లా అందరూ పిలిచేవాళ్ళు. పెద్దమ్మ జవాబు ఎప్పుడూ ఒకటే. "నేనొస్తే అది షికారు కాదు, రోగిని మోసుకెళ్ళడం. నన్ను ఊరేగించడానికి మీ సెలవులు పాడుచేసుకోకండి. వెళ్ళిరండి." గొంతులో ఆ పాత ఉద్యోగం ఉండేది. ఎదురు చెప్పేవాళ్ళు లేరు.

మూడోసారి కేకు అంచు ఒక్కటే చితికింది. మామగారు నాలుగు చక్రాలకూ షాక్ అబ్జార్బర్లు తగిలించాలన్నారు. ఆ రోజు అత్తగారు సంచి సర్దేసుకుంది. "నేను బస్సులో పోతాను. నువ్వూ రావే" అంది కూతురితో. కూతురు ఏడుపుమొహం పెట్టింది. మామగారు కింద నుంచి బయటికి వచ్చి కూర్చున్నారు, ముక్కు మీద గ్రీజుతో. "ఇంకొక్కసారి ఆగండి. ఒక్కసారే" అన్నారు. ఆయన ఎవరినీ బతిమాలగా వాళ్ళు చూడలేదు. అత్తగారు సంచి కింద పెట్టింది.

నాలుగో కేకు వెళ్ళినట్టే తిరిగొచ్చింది. పైన పెట్టిన చెర్రీపండు కూడా చెక్కుచెదరలేదు. వీధిలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. మామగారు లోపలికెళ్ళి స్నానం చేసి, గడ్డం గీసుకుని, తెల్లచొక్కా వేసుకుని, అక్కగారి గది ముందు నిలబడ్డారు. కేకు ముక్క ఇద్దామని వెనకే వచ్చిన అల్లుడు గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"అక్కయ్యా, చిన్న సాయం చెయ్యాలి."

"ఏమిట్రా?"

"కొత్త కమాన్లు వేశాను. అవి సరిగ్గా కూర్చోవాలంటే ఎడమవైపు మంచం మీద కాస్త బరువుండాలి."

"ఇసుక బస్తా వేసుకో."

"బస్తా దొర్లుతుందక్కయ్యా. మనిషైతే కుదురుగా పడుకుంటారు."

"మీ ఆవిడ లేదూ?"

"ఎక్కువైపోతుంది" అన్నారు మామగారు. హాల్లో అత్తగారి చేతిలో చెంచా చప్పుడు ఆగిపోయింది.

"పోనీ మీ అల్లుడు?"

"బొత్తిగా తూగడు. లెక్కవేసి చూశాను. నీ బరువైతే అచ్చంగా సరిపోతుంది. నొప్పనిపిస్తే ఒక్క మాట చెప్పు, అక్కడే ఆపేస్తాను."

పెద్దమ్మ తమ్ముడి మొహం చాలాసేపు చూసింది. టికెట్టు నకిలీదో అసలుదో పరీక్షగా చూసినట్టు.

"నేను లేకపోతే నీ పని జరగదంటావు."

"జరగదు."

"అయితే పద. ఉన్నదెందుకు, ఇంటిమనుషులకి ఆమాత్రం చెయ్యకపోతే."

అల్లుడికి కేకు ప్రతిసారీ ఎందుకు ఆ మంచం మీదే, కిటికీ పక్కనే, తల పెట్టుకునే చోటే కూర్చుందో ఇప్పుడర్థమైంది. నీ కోసమే అంటే ఆవిడ కదలదు. అందుకని ఊరంతా పిచ్చివాడని నవ్వుకున్నా, ఇంట్లోవాళ్ళు అలిగినా, ఆయన నోరు విప్పలేదు. అత్తగారు చెంచా పక్కన పెట్టి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఎక్కువైపోతానట. రానీ, దీని సంగతి తర్వాత చూస్తాను" అని గొణుక్కుంది.

మంచానికి నడుము పట్టీలు ముందే బిగించి ఉన్నాయి. మనిషిని కూర్చోబెట్టుకుని వెళ్ళడానికి అనుమతి కూడా ముందే తెచ్చి ఉంచారు. అత్తగారూ కూతురూ కారులో ఎక్కారు. అల్లుడు ట్రైలరులో పెద్దమ్మకు ఎదురుగా కూర్చున్నాడు. బండి కదిలింది. కిటికీలో ఇళ్ళు, దుకాణాలు, ఆరేసిన బట్టలు, సైకిలు మీద వెళ్ళే పిల్లలు. పెద్దమ్మ మొదట చేతులు రెండూ పట్టీని బిగించి పట్టుకుంది. కాసేపటికి ఒక చెయ్యి వదిలింది. ఇంకాసేపటికి రెండోది కూడా.

ఊరి చివర రైలు గేటుంది. అక్కడ పట్టాల మీద ఎంత మంచి కారైనా ఎగిరిపడుతుంది. ఇంజను చప్పుడు బాగా తగ్గింది. అల్లుడు పెద్దమ్మ మొహమే చూస్తున్నాడు. కమాన్లు మెత్తగా మూలిగాయి. అంతే.

"గేటింకా రాలేదా?" అంది పెద్దమ్మ.

"దాటేశామండి."

"నాకా చెబుతున్నావు? పట్టాలు దాటితే నాకు తెలియదూ?"

అల్లుడు కిటికీ చూపించాడు. వెనక్కి పోతున్న గేటునీ, మెరుస్తున్న పట్టాలనీ ఆవిడ మెడ తిప్పి చూసింది. అవి కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉంది.

కొంచెం దూరం పోయాక బండి ఆగింది. మామగారు పరుగులాంటి నడకతో వచ్చి తలుపు తీశారు. నుదుటి మీద చెమట.

"నొప్పిగా ఉందా అక్కయ్యా?"

"నా సంగతి అలా ఉంచు. కమాన్లు కూర్చున్నాయా?"

"ఆ... కూర్చున్నాయి. ఇక వెనక్కి తిప్పనా?"

పెద్దమ్మ అల్లుడి వైపు తిరిగింది. "వీడికి చిన్నప్పటి నుంచీ అబద్ధమాడటం రాదు నాయనా. ఆడేటప్పుడు చెవులు ఎర్రబడతాయి. ఆ గదిలో నిలబడ్డప్పుడే ఎర్రగా ఉన్నాయి."

మామగారు చెవులు కప్పుకోబోయి మానుకున్నారు.

"నాకైతే కమాన్లు ఇంకా కూర్చున్నట్టు లేదురా" అంది పెద్దమ్మ, దిండు సర్దుకుంటూ. "ఇంకాస్త దూరం పోనియ్యి."

"ఎంత దూరం?"

"సముద్రం దాకా."

మామగారు నోరు తెరిచారు. సముద్రపు ఉప్పుగాలి కమాన్లకి విషమని, ఒక్క పూట తగిలితే చాలు తుప్పు మొదలవుతుందని ఆయన చెప్పబోతున్నారని అల్లుడికి తెలుసు. అక్కగారు కిటికీలోంచి అప్పుడే రోడ్డు చూడటం మొదలుపెట్టింది. మామగారు తెరిచిన నోరు మూసుకున్నారు.

"తుప్పు పడితే మళ్ళీ మార్చుకుంటాం, అదెంత పని" అని తనలో తాను అనుకుంటూ వెళ్ళి, బండి సముద్రం వైపు తిప్పారు.