కళ్ళ డాక్టరు దగ్గరికి కాదు

పోయిన వారం మా మేనత్త భవానీపూర్‌లో, తన ఇంట్లోనే, నిద్రలో పోయింది. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఫోన్లు చేసిన చుట్టాల్లో సగం మంది గొంతు తగ్గించి, "మరేమీ తేడా లేదు కదా?" అని అడిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనసుకి జబ్బున్న మనిషి మామూలుగా చనిపోకూడదా?

అవును, అత్తకి జబ్బుంది. వయసులో ఉండగా ఎవరికీ వినబడని మాటలు ఆమెకు వినబడేవి. ఇంటికి సంబంధాల వాళ్ళొస్తే ఆమెను వెనక గదిలో కూర్చోబెట్టి, "ఖరగ్‌పూర్ వెళ్ళింది" అనేవారట. "రైలెక్కకుండానే ఎన్నిసార్లు ఖరగ్‌పూర్ వెళ్ళొచ్చీసేనో!" అని నవ్వేది అత్త. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

మందులు కుదిరాక ఆమె బడిలో కుట్టు టీచరుగా చేసింది. చేపల బజారులో ఆమెతో బేరానికి ఎవరూ నిలిచేవారు కాదు. మధ్యాహ్నం భోజనం కాగానే, ఇంట్లో ఎవరున్నా సరే, మాత్ర వేసుకునేది. మా అమ్మ వద్దని సైగ చేస్తే, "బీపీ మాత్రకి లేని సిగ్గు దీనికేటి వదినా?" అనేది. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయేది.

తర్వాత నా వంతు వచ్చింది. మా ఊళ్ళోనే అటు చివర సాల్ట్ లేక్‌లో ఉద్యోగం. పొద్దున్నే ఆఫీసు బస్సు వచ్చి వెళ్ళిపోయేది, నేను మంచం దిగలేకపోయేదాన్ని. స్నానం చెయ్యడం కూడా కొండంత పనయింది. అమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. అత్త మాత్రం వచ్చి నా పక్కన కూర్చుని, "చచ్చిపోవాలనిపిస్తోందేటే?" అని నేరుగా అడిగేసింది. అమ్మ అదిరిపడింది. నేను బావురుమన్నాను. హమ్మయ్య, ఒక్కరైనా అడిగారు!

"ఇందులో నీ తప్పేటీ లేదు. లే, వెళ్దాం," అని తల దువ్వి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

అక్కడ మానసిక విభాగం, కళ్ళ విభాగం పక్కపక్కనే. మనవాళ్ళకొక అలవాటు: తెలిసిన ముఖం కనబడితే చాలు, కళ్ళ డాక్టరు వైపు తిరిగిపోతారు. ఆరోజు మా తెలుగు సంఘం పెద్దాయన ఎదురై, "ఏటమ్మా, మీరూ కళ్ళకేనా?" అన్నాడు. నేను తలూపబోయాను.

"కాదు దాదా, మా పిల్లకి మనసు బాగోలేదు. దానికే వచ్చేం," అంది అత్త, వరసలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా.

సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను. ఏమీ కాలేదు. వరస ముందుకు జరిగింది, మేమూ జరిగాం.

బాగుపడడానికి చాలాకాలం పట్టింది. మధ్యలో మందులు మానేస్తానని మొండికేస్తే, "డాక్టర్ని అడిగి మానీ, నన్నడిగి కాదు" అనేది. నేను మళ్ళీ ఆఫీసు బస్సెక్కిన రోజున కిటికీలోంచి చెయ్యూపుతూ ఏడ్చింది పిచ్చి తల్లి. ఈ మాట ఇంకెవరైనా అంటే ఊరుకోను, నేను మాత్రం అంటాను.

నిన్న సంఘం గదిలో సంతాప సభ జరిగింది. "జబ్బు సంగతి ఎత్తకు, ఆవిడ మంచితనం గురించి చెప్పు," అన్నారు. నేను రెండూ చెప్పాను. నా సంగతీ చెప్పాను. పెళ్ళి కావలసిన పిల్లవి, నోరు అదుపులో పెట్టుకోమని అమ్మ గట్టిగా చెప్పే తీసుకొచ్చింది. అందుకని మాట్లాడినంతసేపూ ముందు వరసలో ఉన్న అమ్మ వైపు చూడలేదు.

నేను ఆపగానే వెనక ఎవరో ఒకావిడ లేచి నిలబడింది. "మా ఆయన్ని చూపించాలి. ఆ డాక్టరు ఏ వారం కూర్చుంటారు?" అంది. గది గదంతా ఆవిడ వైపు తిరిగింది.

"మంగళవారం," అంది అమ్మ, నాకంటే ముందే. "నేను తోడొస్తాన్లే."

కుర్చీలోంచి లేచి, అందరూ చూస్తుండగా, వెనక వరసకు నడిచింది.