షమీమ్‌కు నేను రాసిచ్చిన ప్లాన్

ఆరేళ్ల కిందట నేను ఒక పిల్ల కాలు విరగ్గొట్టినాను. చేత్తో కాదు. రూళ్ల కాగితం మీద నీలం పెన్నుతో రాసి విరగ్గొట్టినాను. ఇన్నేళ్లూ ఆ సంగతి నా ఒక్కదానికే తెలుసు. పొద్దున కళ్లు తెరిస్తే ముందు అదే గుర్తొస్తుంది, మిగతావన్నీ తర్వాతే. దాన్ని మోస్తూనే తిన్నాను, దాన్ని మోస్తూనే నవ్వినాను, దాన్ని లోపల పెట్టుకునే పదిమంది ఆడవాళ్లకు ఒళ్లు ఎట్లా చూసుకోవాలో నేర్పించినాను.

నన్ను ఓదార్చేదానికి చదవొద్దు. "పోనీలే, అసూయ ఎవరికి ఉండదు" అనే మనుషులంటే నాకు ఒళ్లు మంట. నువ్వు అట్లాంటి మనిషివైతే ఈడనే ఆపేయ్. నేను ఎవరో నీకు తెలియదు, నువ్వు ఎవరో నాకు తెలియదు. అందుకే చెప్తున్నాను, నీ మీద ప్రేమతో కాదు.

మాది ధర్మవరం. నేసేవాళ్ల ఇల్లు. నేను పుట్టడమే పెద్ద ఎముకతో పుట్టినాను. ఏడో తరగతిలోనే నాయన భుజాలకంటే నావి వెడల్పు. జాకెట్టు కుట్టించేదానికి పోతే టైలరమ్మ షాపులో అందరికీ వినపడేట్టు, "ఈ అమ్మికి ఇద్దరి గుడ్డ కావాల" అనేది. బడిలో నన్ను రోడ్ రోలర్ అని పిలిచేవాళ్లు. పిలిచినోళ్ల పేర్లన్నీ ఇప్పటికీ వరసగా చెప్పగలను. ఒక్కరిని కూడా క్షమించలేదు.

డిగ్రీ అయినాక హిందూపురంలో ఒక జిమ్‌లో చేరినాను. మొదట ఒళ్లు తగ్గించుకుందామని, తర్వాత లేడీస్ బ్యాచ్‌కు ట్రైనరుగా. ఇనుము ముట్టుకున్నాకే నా ఒళ్లు దేనికో ఒకదానికి పనికొస్తుందని తెలిసింది. మగపిల్లోళ్లు తడుముకునే బరువు నేను ఊపిరి బిగబట్టి లేపేదాన్ని. అంతటితో ఉండిపోయింటే బాగుండేది. ఒకరోజు వాళ్లలో ఒకడు, "బరువులైతే ఎత్తుతావు గానీ, ఒక కిలోమీటరు ఉరుకు చూద్దాం" అన్నాడు. అందరూ నవ్వినారు. ఆ నవ్వుకు నేను బెంగళూరు మారథాన్‌కు పేరు ఇచ్చినాను. నలభై రెండు కిలోమీటర్లు.

వారంలో నాలుగు పొద్దులు ఉరుకు, మూడు సాయంత్రాలు బరువులు. ఈ రెండూ ఒక ఒంట్లో కలిసి ఉండవని అప్పుడే తెలిసింది. స్క్వాట్లు, అంటే భుజాన బరువు పెట్టుకుని గుంజీలు, చేసిన మర్నాడు తొడలు బండరాళ్లయ్యేవి, ఉరుకుదామంటే కదిలేవి కాదు. ఎక్కువ ఉరికిన వారం చేతుల్లో బలం తగ్గేది. అన్నం మాత్రం రెండింతలు లోపలికి పోయేది. ఆరు నెలలు చచ్చేట్టు కష్టపడితే చేతులు సన్నబడినాయి, ముఖం పీక్కుపోయింది, తొడలు మాత్రం ఉండేది ఉన్నట్టే ఉండినాయి. జిమ్‌లో మూడు గోడలకు అద్దాలు. యాడ తిరిగినా నేనే.

అప్పుడు వచ్చింది షమీమ్.

పెనుకొండ పిల్ల. వాళ్ల నాయనకు బస్టాండు దగ్గర పంక్చర్ షాపు. తను హిందూపురం పక్కన బట్టల ఫ్యాక్టరీలో కుట్లు సరిగా పడినాయా లేదా అని చూసే పనిలో ఉండేది. ఇరవై నాలుగేళ్లు. బడి రోజుల నుంచి కొండ మీది కోట దారిలో ఉరికి ఉరికి పెరిగింది. తనూ అదే మారథాన్‌కు పేరు ఇచ్చింది. ఇంట్లో సంబంధాలు చూస్తూ ఉండినారు. "ఈ ఒక్క పందెం ఉరికి వస్తా, తర్వాత మీరు చెప్పినట్టే" అని వాళ్ల నాయనను ఒప్పించుకుంది. మోకాళ్లకు బలం రావాలంటే బరువులు ఎత్తమని ఎవరో చెప్తే నా దగ్గరికి వచ్చింది.

మొదట నేను రాసిచ్చిన ప్లాన్ మంచిదే. నాలుగు రోజులు ఉరుకు, రెండు రోజులు బరువులు, ఒక రోజు ఏమీ చేయకుండా ఉండడం. కడుపునిండా తిండి. రెండు నెలలకే ఆమె నడక మారింది. ఆదివారాలు నేను పొద్దున్నే బస్సెక్కి పెనుకొండ పోయేదాన్ని, ఇద్దరం సోమందేపల్లి వైపు ఉరికేవాళ్లం. అయిదో కిలోమీటరుకే ఆమె నాకు వీపు చూపించేది. కష్టపడుతున్నట్టు కూడా ఉండేది కాదు. నేను ఎద్దు మాదిరి రొప్పుతూ ఆ వీపును చూస్తూ పోయేదాన్ని.

దాన్ని ఓర్చుకున్నాను. నిజంగానే ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకొకటి.

షమీమ్‌కు అద్దం ముందు నిలబడి పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లాగే అలవాటు. "చూడక్కా, ఎంత లావుండానో" అనేది. రెండు వేళ్ల మధ్య చర్మం తప్ప ఇంకేమీ ఉండేది కాదు. రోజూ అదే మాట. అది కొవ్వైతే, పక్కన నిలబడిన నేనేంది? ఆ మాట అనేటప్పుడు నా వైపు చూసేది కూడా కాదు. నన్ను నొప్పించాలని అనిందా? కాదు. అట్లా అనింటే తిట్టి వదిలేసేదాన్ని. ఆమెకు నేను కనపడనే లేదు. అద్దం నిండా నేనే ఉంటే ఆమెకు తన పొట్ట ఒక్కటే కనపడింది.

ఒక శనివారం సాయంత్రం అందరూ పోయినాక, మళ్లీ అద్దం ముందుకు పోయింది. కానీ ఆ పొద్దు నా వైపు తిరిగింది.

"నిజం చెప్పక్కా. నువ్వు ట్రైనరువు, నీకు తెలుస్తాది. నేను లావుండానా?"

జవాబు నాకు తెలుసు. లేవు అనాలి. ఇంకొంచెం తినాలి నువ్వు అని కూడా అనాలి.

"ఉండావు" అన్నాను.

ఆమె చెయ్యి పొట్ట మీదే ఆగిపోయింది. "ఎంత తగ్గాల?"

"నాలుగు కిలోలు. అది తగ్గకపోతే నువ్వు ఎంత ఉరికినా మంచి టైము రాదు."

"అట్లయితే రాసియ్యక్కా. నువ్వు ఎట్ల చెప్తే అట్ల చేస్తా."

ఆ మాట ఎంత తేలిగ్గా అనేసింది! కూర్చుని రాసినాను. విశ్రాంతి రోజు కొట్టేసినాను. శనివారం సాయంత్రం బరువైన స్క్వాట్లు, ఆదివారం పొద్దున్నే అన్నిటికంటే పొడుగు ఉరుకు. రాత్రికి రాగి సంగటి ముద్ద బంద్. మధ్యాహ్నం అన్నం సగం. గుడ్డులో పచ్చసొన తీసేయాలి. తిండీ విశ్రాంతీ లేకపోతే ఎముక గుల్లబారుతుందని కొత్తగా చేరిన ప్రతి ఆడమనిషికీ మొదటి రోజే చెప్పేదాన్ని నేను. నాకు తెలియక రాయలేదు. తెలిసే రాసినాను. నా ప్లాన్‌లో మాత్రం విశ్రాంతి రోజు అట్లే ఉండింది, ముద్ద కూడా.

కాలు విరగాలని కోరుకున్నానా? ఈ ప్రశ్న నాకు నేను ఎన్నిసార్లు వేసుకున్నానో లెక్క లేదు. విరగాలని అనుకోలేదు. అలిసిపోవాలని అనుకున్నాను, వెనకబడాలని అనుకున్నాను, తన ఒళ్లు తన మాట వినకపోతే ఎట్లుంటుందో ఒక్కసారి ఆమెకు కూడా తెలియాలని అనుకున్నాను. ఈ తేడా చెప్పుకుని నా తప్పు చిన్నది చేసుకోవాలని చూస్తున్నానా? చూస్తున్నానేమో. కానీ చిన్నది కాదు.

ఆమె తు.చ. తప్పకుండా చేసింది. బుగ్గలు లోపలికి పోయినాయి. జుట్టు ఊడేది. కిలో తగ్గినప్పుడల్లా నాకు సంతోషంగా ఫోను చేసేది. రెండో నెలలో ఒక ఆదివారం, పెనుకొండ దాటినాక, మొదటిసారి నేను ఆమెను దాటిపోయినాను. అప్పుడు నాకు ఎట్లనిపించిందో దాచను. పండగలాగా ఉండింది. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

ఒకరోజు సిగ్గుపడుతూ చెప్పింది, రెండు నెలలుగా నెలసరి రాలేదని. అంతకంటే పెద్ద హెచ్చరిక ఇంకొకటి ఉండదని నాకు తెలుసు. "ఉరికేవాళ్లకు మామూలేలే" అన్నాను. తర్వాత మోకాలి కింద, ముందెముక మీద ఒక చోట వేలు పెట్టి, సరిగ్గా ఈడే నొప్పి అక్కా అనింది. అట్లా ఒక్క చోట వేలు పెట్టి చూపిస్తే అది కండరం నొప్పి కాదు. గుడ్డ బిగించి కట్టుకో అని చెప్పినాను. జుట్టు ఊడినప్పుడు, నెలసరి ఆగినప్పుడు, ఈ నొప్పి చూపించినప్పుడు, ఆపే అవకాశం నాకు మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఆపలేదు.

పందెం ఇంక మూడు వారాలుందనగా, సోమందేపల్లి ఇంకా రాకముందే, ఆమె రోడ్డు పక్కన కూలబడింది. కాలు నిలబడటం లేదక్కా అనింది. అరవలేదు. పెదవి కొరుక్కుని కూర్చుంది. ఆటోలో హిందూపురం తీసుకుపోయినాను. ఎముక ముందే చీలి ఉండిందని, దాని మీదే ఉరికినందుకు పూర్తిగా విరిగిందని డాక్టరు చెప్పినాడు. ఈ నొప్పితో ఎవరు ఉరకమన్నారమ్మా అని కోపంగా అడిగినాడు.

"ఎవురూ చెప్పలేదు సార్. అక్క వద్దనే అనింది. నేనే ఇనలేదు" అనింది షమీమ్.

నేను తల ఊపినాను.

ఆ అబద్ధం ఎందుకు ఆడింది? నన్ను కాపాడాలనా? లేకపోతే అక్క వద్దనే ఉంటుంది, నాకే గుర్తులేదు అని నిజంగానే నమ్మిందా? రెండోదే అయితే నేను ఇంకా పెద్ద పాపిష్టిదాన్ని. అంతలో వాళ్ల నాయన వచ్చినాడు, చేతులకు షాపు మసి అట్లే ఉంది. "నువ్వు పక్కన ఉండబట్టి సరిపోయిందమ్మా" అని నాకు దండం పెట్టినాడు. ఆ దండం కూడా తీసుకున్నాను.

కాలికి రాడ్ వేసినారు. వారం తర్వాత చూసేదానికని పండ్లు తీసుకుని పెనుకొండ పోయినాను. ఆ ప్లాన్ కాగితం బీరువా తలుపు లోపల అతికించి ఉంది. వాళ్ల అమ్మ టీ పెట్టేదానికి పోయినప్పుడు, షమీమ్ మందుల మత్తులో కళ్లు మూసుకుని ఉండగా, దాన్ని పీకి బ్యాగులో పెట్టుకున్నాను. బస్టాండులో ముక్కలు చేసి పారేసినాను. చూడు, ఇంతదాకా నేను చేసినవన్నీ కోపంలో చేసినానని అనుకున్నా, ఈ ఒక్కటి మాత్రం చల్లగా ఆలోచించి చేసినాను.

ఇంకా విను. నేను పోయి మారథాన్ ఉరికినాను. ఆరు గంటలు పట్టింది. పూర్తి చేసినాను. జిమ్ ముందర నా ఫోటోతో ఫ్లెక్సీ కట్టినారు. మెడలో మెడల్, చేతులు పైకి. నేను దాని కింద నిలబడి చూసింది నా తొడలను. అంత పని చేసి, ఒక పిల్లను మంచాన పడేసి, చివరికి చూసింది తొడలను!

షమీమ్ మళ్లీ ఉరకలేదు. మరుసటి ఏడాది పెళ్లయింది, ధర్మవరంలో చీరల షాపులో పనిచేసే మనిషితో. ఒక పాప. మెట్లు ఎక్కేటప్పుడు ఆ కాలు ఈడుస్తుంది. అప్పుడప్పుడు పండగలకు ఫోను చేసేది. నేను రెండు మాటలు మాట్లాడి పెట్టేసేదాన్ని. ఆమె మంచితనం నాకు అసహ్యంగా ఉండేది. నన్ను అనుమానించే తెలివి కూడా లేదేమని తిట్టుకునేదాన్ని. నేను చెడిపోతే చెడిపోయినాను, దానికీ ఆమెదే తప్పన్నట్టు.

పోయిన నెల ఆమె నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. పాప పుట్టినాక బాగా లావైనానక్కా, కాలు నొప్పి పెట్టకుండా ఏదైనా ప్లాన్ రాసియ్యి, నువ్వు చెప్తేనే నాకు నమ్మకం అని. నాలుగు రోజులు జవాబియ్యలేదు. అయిదో రోజు బస్సెక్కి ధర్మవరం పోయినాను. ధైర్యం వచ్చిందని అనుకోవద్దు. ఇంకొకసారి ఆ పిల్లకు నా చేత్తో ఏదైనా రాయాలంటే భయమేసింది, అంతే.

చాప వేసి కూర్చోబెట్టింది. పాప టీవీ చూస్తూ ఉండింది. మజ్జిగ తెచ్చిచ్చింది. తాగకుండానే చెప్పినాను, నేను రాసిన ప్లాన్ వల్లే నీ కాలు విరిగిందని.

"తెలియక రాసింటావులే అక్కా" అనింది.

తప్పించుకునేదానికి దారి తనే చూపించింది. ఆ మాట పట్టుకుని బయటపడిపోవచ్చు. ఒక్క క్షణం అదే చేద్దామనుకున్నాను.

"లేదు షమీమ్. తెలిసే రాసినా. నువ్వు నాకంటే సన్నగా ఉండావని, నాకంటే బాగా ఉరుకుతాండావని రాసినా. ఆ కాగితం మీ ఇంట్లోంచి దొంగతనంగా తీసుకుపోయింది కూడా నేనే."

ఆమె మజ్జిగ గ్లాసు నా ముందర నుంచి తీసి పక్కన పెట్టింది. కాలు గురించి అడుగుతుందనుకున్నాను. పందెం గురించి, వాళ్ల నాయన పెట్టిన దండం గురించి అడుగుతుందనుకున్నాను.

"అట్లయితే ఆ పొద్దు నేను లావు లేనా?" అనింది.

"లేవు."

"కొంచెం కూడా?"

"కొంచెం కూడా లేవు."

గోడ పట్టుకుని పైకి లేచింది. పాపను ఎత్తుకుంది. "పో అక్కా" అనింది. గొంతు పెంచలేదు. నేను చెప్పులేసుకునే లోపలే తలుపు మూసింది.

నా నంబరు బ్లాక్ చేసింది. మంచిపని చేసింది. నేను క్షమాపణ అడగలేదు, అడిగే మొఖం లేదు, ఇచ్చినా తీసుకోలేను. నా ఒంటిని నేను ఇప్పుడూ ఇష్టపడటం లేదు. పొద్దున్నే జిమ్‌లో లైట్లు వేస్తే మూడు గోడల్లోనూ నేనే, చూసుకుంటే ఇప్పటికీ కోపమే. ఆ కోపం నాది. దాన్ని ఇంకొకరి మీద దించకూడదని ఇంత ఆలస్యంగా తెలుసుకున్నందుకు నాకేమీ మెచ్చుకోలు అక్కర్లేదు.

ఆమెకు చెప్పినాను. ఇప్పుడు నీకూ చెప్పినాను. దీంతో ఆమె కాలు బాగుపడదు, ఆమె ఉరకని ఆ నలభై రెండు కిలోమీటర్లు వెనక్కి రావు. అయినా ఆ రోజు ధర్మవరం నుంచి తిరిగొచ్చే బస్సులో, కిటికీ పక్కన కూర్చుని, ఆరేళ్లలో మొదటిసారి ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాను. ఆ హాయి నాకు దక్కకూడనిది. దక్కింది. దాన్ని కూడా దాచిపెట్టను.