రెక్క మీద పత్తి నూగు

నిన్న మిక్సీ జార్ పిడి ఊడిపోతే రెండు గొట్టాల జిగురు తెచ్చి, అట్టముక్క మీద పిండి, అగ్గిపుల్లతో కలిపాను. ఆ వాసన, కొంచెం చేపలా, కొంచెం మందుల కొట్టులా, ముక్కుకు తగలగానే పిడి సంగతి మరిచిపోయి కొడకండ్లలో మా పాత ఇంటి లోపలి గదికి వెళ్లిపోయాను. తేరుకునేసరికి జిగురు అట్టముక్క మీదే బిగుసుకుపోయింది. పిడి ఇప్పటికీ ఊడే ఉంది.

అవి బతుకమ్మ రోజులు. వాకిట్లో తంగేడు కట్టలు, రంగునీళ్లలో ముంచి ఆరబెట్టిన గునుగు పూలు, వంటింట్లో నువ్వులూ పల్లీలూ వేయించి దంచిన సత్తుపిండి కమ్మదనం, పట్టు లంగాల్లో వీధంతా మేము పెట్టే ఉరుకులు, ఇవి ఉంటే నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఆ ఏడు మాత్రం ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క సరిత సెలవులకు వస్తూ, పాత దుప్పటిలో చుట్టి ఒక విమానం రెక్కను చంకన పెట్టుకొచ్చింది. కాలేజీల పోటీలో ఎగరేసే చిన్న విమానానిది, పల్చటి తేలిక చెక్కతో చేసింది. రెక్క నేనే చేస్తానని జట్టులోని మగపిల్లలతో పోట్లాడి మరీ తెచ్చుకుంది. వచ్చిన రోజు నుంచీ గరుకు కాగితంతో రుద్దుతూనే ఉంది. గుడ్డ అంటించే అసలు పని చివరి రోజుకు మిగిలింది. తెల్లవారితే జనగామలో రైలెక్కాలి. రెక్క చెడితే విమానమే లేదు.

మధ్యాహ్నం లోపలి గది కిటికీ మూసి, నేల తడిగుడ్డతో తుడిచి, బల్ల మీది రెక్కపై గాజుపోగులతో నేసిన సన్నటి తెల్లగుడ్డ పరిచింది. రెజిన్ అనే చిక్కటి జిగురు, దాన్ని గట్టిపరిచే మందు తూచి కలిపింది. కలిపాక ఇక ఆగడానికి లేదు, గిన్నెలోనే గడ్డకడుతుంది. నడుమ పోసి పాత ఏటీఎం కార్డుతో అంచులవైపు లాగుతుంటే తెల్లగుడ్డ మాయమై కింది చెక్క గీతలు తడితడిగా మెరిశాయి. ముడత పడితే లేపి సర్దడం, బుడగ కనిపిస్తే ఒత్తడం. నేను టార్చి పట్టుకుని ఊపిరి బిగబట్టాను. తలుపు సందులోంచి తొంగిచూసిన అమ్మ ఊరుకోలేదు.

“ఊరంత బతుకమ్మ పేరుస్తుంటె నువ్వు గీ రెక్కకు చీర కడుతున్నవా?”

అక్క నవ్వలేదు. “తెల్లారేదాక ఈ తలుపెవ్వలు తియ్యొద్దమ్మా. జర నూగు పడ్డా రెక్క ఖరాబైతది” అంది. నన్ను కూడా బయటికి పంపి లోపల గడియ పెట్టుకుంది.

పొద్దు వాలుతుండగా మబ్బు కమ్మింది. మొదటి ఏరుడు పత్తిని చీరల్లో మూటలు కట్టి ట్రాలీ ఆటోలో వేసుకుని బాపు ఇంటికొచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. ముందు గది రేకులు కారతాయి. పత్తి పోసేది ఏటా ఆ లోపలి గదిలోనే. తడిసిన పత్తి కుప్పలో వేడెక్కి రంగు మారితే మార్కెట్లో ఎవరూ ముట్టుకోరు. ఏడాది చాకిరీ అంతా ఆ మూటల్లో ఉంది.

బాపు నెత్తిన మూటతో తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. వాకిట్లో మిగతా మూటల మీద అమ్మ కప్పుతున్న ప్లాస్టిక్ పట్టాను గాలి లేపేస్తోంది.

“తలుపు తియ్యుమను!” అమ్మ అరిచింది.

“ఉండనియ్యే. పోరి రేపు పోవాలె” అన్నాడు బాపు, గొంతు తగ్గించి. వెనక్కి పోయి మూటల మీదికి వంగి, తన ఒంటితోనే వానను ఆపబోయాడు. నాకు అక్క మీద ఒళ్లు మండింది. నోరు తెరిచి అడగనందుకు బాపు మీద అంతకన్నా కోపం వచ్చింది. ఆ తలుపును నేనే గుద్దుదామని చెయ్యెత్తాను.

గడియ చప్పుడైంది.

“తే బాపు. లోపటికి తే.”

రెక్క మీద దోమతెర కట్టి, మూటలు ఒక్కొక్కటే పసిపిల్లను దించినట్టు దించాం. ఎంత మెల్లగా దించినా నూగు లేచింది, టార్చి వెలుతురులో తేలింది, దోమతెర కన్నాల్లోంచి దిగింది. అక్క చూస్తూ నిలబడింది.

తెల్లారేసరికి రెక్క ఎడమ సగమంతా నూగు అంటుకుని గడ్డం మాసిన ముఖంలా ఉంది. బాపు గోటితో గీకి చూశాడు, రాలేదు.

“గిది గిట్లనే ఎగురుతదా బిడ్డా?”

“ఎగరాలె బాపు.”

ఎగిరిందట. ఒక పక్కకు ఒరుగుతూనే చుట్టు తిరిగి దిగిందట. రెక్క పని శుభ్రంగా లేదని మార్కులు కోసి వీళ్ల జట్టును వెనక్కి నెట్టారు. ఆ ముక్క నాకొక్కదానికే చెప్పింది. ఇంట్లో మంచిగెగిరిందనే చెప్పింది. బాపు దాన్ని వీధి వీధంతా చెప్పుకున్నాడు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. పత్తిని ఇళ్లల్లో పోసుకునేవాళ్లే తగ్గిపోయారు, చేలోంచే బండెక్కి మిల్లుకు పోతోంది. సత్తుపిండి ప్యాకెట్లలో దొరుకుతోంది. బాపు పోయాడు. అక్క హైదరాబాద్‌లో డ్రోన్ల రెక్కలు చేసే చోట పెద్ద ఉద్యోగంలో ఉంది. అక్కడ రెక్కలు ఆరబెట్టే గది ఒకటుంది, గట్టిపడని రెక్క లోపల ఉన్నంతసేపూ దాని తలుపు మీద ఎర్రదీపం వెలుగుతుంది. ఎంత పెద్దవాడైనా బయటే ఆగాలి. మొన్న నేను అక్కను చూడ్డానికి వెళితే ఆ గదిని గర్వంగా చూపించింది.

“ఈడ ఎవ్వలు తలుపు తియ్యమని అడగరు” అంది.

“ఆ దినం బాపు గూడ అడగలేదక్కా” అన్నాను.

అక్క ఆ ఎర్రదీపం వైపే చూస్తూ, “అడిగుంటె నేను తియ్యకపోదునేమో” అంది.