కాలని చోటు చూడమన్న మనిషి

బూడిద ఊడ్చేసింది మీరే. తప్పించుకోవద్దు. వీధిలో ఇల్లు కాలితే మంట ఆరీ ఆరకముందే చీపుర్లు పట్టుకొని పరిగెత్తుకొచ్చేది మీరే. కాలిన ఇల్లు అట్లే పెట్టుకుంటే అరిష్టమని పసుపునీళ్లు చల్లేది మీరే. మర్నాడు పేపర్లో ‘షార్ట్ సర్క్యూట్’ అని చదివి, టీ తాగి, మర్చిపోయేదీ మీరే. ‘ఊడ్చొద్దండప్పా’ అని బతికినన్నాళ్లూ మీతో మొత్తుకున్న మనిషి పోయిన గురువారం ఆదోనిలో, తన ఇంట్లో, దగ్గుతూ దగ్గుతూ పోయినాడు.

ఆయన మా ఊరి ఫైర్ స్టేషన్‌లో ఆఫీసరుగా చేసి రిటైరైనాడు. ఊరంతా ఆయన్ను ‘ఫైర్ సారు’ అనేది. నేనూ అదే అంటాను. జీవితమంతా మన పొగ మింగినవాడి సాగనంపులో ఎంతమంది ఉన్నారో నేను చూసినాను. సరే, ఆ మాట వదిలేస్తా. ఆయనుంటే నన్ను ఆపేవాడు. “ఏమప్పా కరపత్రం, ఈపొద్దు ఎవురిని తిడతాండావు?” అనేవాడు. కార్మికుల తరఫున కరపత్రాలు రాసేవాణ్ని కాబట్టి ఆయన నాకు పెట్టిన పేరది.

కాలిన చోటికి పోతే ఆయన మొదట చేసే పని, రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకోవడం. పక్కనున్నవాళ్లతో కూడా పెట్టించేవాడు. లుంగీ కట్టుకున్నవాళ్లు “మాకు జేబుల్లేవు సార్” అంటే, “అయితే చేతులు కట్టుకోండి, బళ్లో అయ్యవారి ముందర నిలబడినట్ల” అనేవాడు. నేరుగా లోపలికి పోయేవాడు కాదు. బయట ఒక చుట్టు తిరిగి, తక్కువ కాలిన వైపు నుంచి ఎక్కువ కాలిన వైపుకు మెల్లగా అడుగేసేవాడు. చేతులు బయటికి తీసేది చివర్లోనే. అప్పుడు కూడా చీపురు కాదు, గోడలకు రంగులేసే బ్రష్షు. నిద్రపోతున్న పసిబిడ్డ మీద ఈగను తోలినట్టు దాంతో బూడిద తొలగించేవాడు.

“నిప్పు పైకి పోతాది, పోతా పోతా పక్కలకు పరుచుకుంటాది. అందుకే గోడ మీద మసి కింద సన్నంగా, పైన వెడల్పుగా పడతాది. ఆ సన్నటి మొన యాడుందో ముందు ఆడికి పో. కానీ దాన్నొక్కదాన్నే నమ్మొద్దు, ఇంకో సాక్షిని అడుగు” అనేవాడు. కరిగిన వైరు చూపించి ఎవరైనా ‘షార్టు సార్’ అంటే ఆయనకు తిక్క రేగేది. “షార్టు వల్ల నిప్పా, నిప్పు తగిలి వైరు కరిగి షార్టా? తెలుసుకోకుండా ఎట్లంటావు?”

ఒకసారి ఎమ్మిగనూరులో ఒక మగ్గం ఇంట్లో సిలిండరు పేలితే నన్నూ వెంటబెట్టుకొని పోయినాడు. అందరూ వంటింట్లోకి తొంగి చూస్తుంటే ఆయన వీధి అవతల దుమ్ములో కూర్చొని కిటికీ అద్దం పెంకులు చూస్తున్నాడు. “మసి లేదు, సూడు. మసి పట్టకముందే ఇంతదూరం ఎగిరొచ్చిందంటే ముందు పేలింది, తర్వాత కాలింది. ముందే కాలుంటే అద్దానికి మసి ఉండాల.” ఆ ఇంటి ముసలమ్మను అడిగినాడు: “అవ్వా, పొద్దున వాసన రాలేదా?” “నిలబడితే రాలేదు నాయనా, పొయ్యి కింద కసువు ఊడుస్తాంటే వచ్చె.” ఆయన నా వైపు తిరిగినాడు. “వంటగ్యాసు గాలి కంటే బరువప్పా, నీళ్ల మాదిరి పల్లానికి పోతాది. ఆయమ్మ వంగి పనిచేసే మనిషి కాబట్టి కనిపెట్టింది. మనట్లాంటి నిలబడి ఉపన్యాసాలిచ్చేటోళ్లకు తెలీదు.” ఆ దెబ్బ నాకే.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. ఇది చెప్పకుండా ఆయన గురించి రాసే హక్కు నాకు లేదు.

ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు, పత్తి నుంచి గింజలు తీసేది, కాలింది. పత్తి మధ్య ఒక కార్మికుడు చచ్చిపోయినాడు. గోనెగండ్ల ఊరి మనిషి. వాకిలి దగ్గర కూర్చొని బీడీ తాగినాడు, అక్కడే పత్తి అంటుకుంది అని మిల్లు గుమాస్తా తెల్లారేసరికే ఊరంతా చెప్పినాడు. మా కార్మిక సంఘంవాళ్లకు రక్తం మరిగింది. శవాన్ని ఆసుపత్రి నుంచి నేరుగా మిల్లులోకే తెచ్చినాం. ఎక్కడ చచ్చినాడో అక్కడే నివాళి అని పట్టుబట్టింది నేనే. బూడిదలో శవాన్ని ఎట్లా పెడతాం? అందుకని ఊడ్చినాం. కాలిన బెల్టు ముక్కలు, ఇనుప తునకలు, బూడిద, అన్నీ ఎత్తి మురుగుకాలవలో పోసినాం. యంత్రం పక్క ఒరిగిన రేకు కింద ఇనుప బకెట్టు ఒకటి కనబడితే లాగి, దాంతోనే నీళ్లు కొట్టి కడిగినాం. మొదటి చీపురు పట్టింది నేను. పైన మిమ్మల్ని తిట్టిన తిట్లన్నీ ముందు నాకే తగలాలి.

ఫైర్ సారు వచ్చి గడపలో నిలబడినాడు. చేతులు జేబుల్లో. చచ్చినవాని భార్య లేచి ఆయన ముందుకు వచ్చింది.

“సార్, మా ఆయప్ప బీడీ తాగుతాండె, లేదనను. పత్తికాడ తాగేటోడు కాదు. నా బిడ్డల్ని అప్పుడే ‘మిల్లు కాల్చినోని పిల్లోళ్లు’ అంటాండారు. నాకేమిచ్చినా ఇయ్యకపోయినా ఆ మాటొక్కటి తీసెయ్యండి సార్.”

“ఉన్నది చూస్తానమ్మా. లేనిది చెప్పలేను” అన్నాడాయన.

వాకిలి వైపే తక్కువ కాలింది. మసి మొన యంత్రం వెనక గోడ మీద, మా నీళ్లకు సగం కరిగిపోయి ఉంది. పక్క దూలం కూడా యంత్రం వైపే లోతుగా బొగ్గయింది. ఒరిగిన రేకు ఎత్తించి చూస్తే, మేం ఊడ్వని ఆ మూరెడు నేల మీద, నల్లటి మసి మధ్య గుండ్రంగా ఒక తెల్లటి చోటు. “కాలిన చోటు అందరూ చూస్తారు. కాలని చోటు చూడు” అంటూ మా చేతిలోని బకెట్టు అడిగి దాని మీద పెట్టినాడు. అచ్చుగుద్దినట్టు సరిపోయింది. మసి పడకముందే బకెట్టు అక్కడికి చేరింది. ఎవరో నీళ్లు తెచ్చినారు.

ఆమె ఆ బకెట్టు ముందు కూలబడి ఏడ్చింది. నేను అరిచినాను: “రాయండి సార్! మంట ఆర్పబోయి చచ్చినాడని రాయండి, యంత్రం బాగుచేయించని మిల్లువాడిదే తప్పని రాయండి!”

“బకెట్టుందని రాస్తా. తెచ్చిందెవురో బకెట్టు చెప్పదు. యంత్రంలో ఏం వేడెక్కిందో చెప్పే ముక్కలు కాలవలో పోసినావు. నువ్వు ఊడ్చినదాన్ని నేను యాడనుంచి తెచ్చి రాయాలప్పా?”

బకెట్టు సంగతి కాక ఆయన రాసింది మూడు ముక్కలు. నిప్పు మొదలైంది యంత్రం పక్క. కారణం తెలియదు. బీడీ అనడానికి ఆధారం లేదు. ఆ కాగితం నకలు ఆమె ఇప్పటికీ దాచుకుంది. బిడ్డల మీద నుంచి ఆ మాట పోయింది. మిల్లువాడూ నిక్షేపంగా తప్పించుకున్నాడు, నా చీపురు పుణ్యాన. ‘తెలియదు’ అని రాసినందుకు ఆయన్ను పిరికివాడని కరపత్రం వేసినాను కూడా. చదివి, “అచ్చుతప్పులు రెండున్నాయి” అన్నాడంతే. పిరికివాడన్న నా మాట అబద్ధమని ఒప్పుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. ఒప్పుకున్నాక మాత్రం వారం వారం ఆయన ఇంటికి పోయి కూర్చునేవాణ్ని.

పోయిన గురువారం, సారును తీసుకపోయినాక ఇల్లు కడగడానికి బిందెలు తెచ్చినారు. ఆయన కూర్చునే కుర్చీ అప్పటికే వాకిట్లోకి చేరింది. అది ఉన్న చోట, మాసిన గోడ మీద, దాని వీపంత మేర సున్నం తెల్లగా మిగిలి ఉంది. సారు కూతురు తడిగుడ్డ పట్టుకొని నిలబడి, “తుడిచేదా అన్నా?” అంది. నా చేతులు వాటంతటవే జేబుల్లోకి పోయినాయి.

అందుకని అడుగుతున్నాను.

కాలిన చోట, చూడవలసినవాళ్లు చూసేదాకా ఎవరూ చీపురు పట్టకూడదు. మా జెండా పట్టుకున్నవాళ్లు కూడా.

బూడిద మీద మిల్లు యజమానికి అధికారం ఉండకూడదు. చూసేటప్పుడు చచ్చినవాళ్ల ఇంటిమనిషి పక్కనుండాలి.

చూడకుండా ‘షార్ట్ సర్క్యూట్’ అని రాయకూడదు. తెలియకపోతే తెలియదని రాయాలి.

చచ్చిపోయి జవాబు చెప్పలేని కూలివాడి మీద నిప్పు మోపకూడదు.

ఫైర్ సారు ఇంట్లో ఆ గోడకు ఇప్పుడప్పుడే సున్నం వెయ్యొద్దు.