మిషను వచ్చేదాకా

కట్టంగూర్ దాటాక బస్సులో నా పక్కనున్న పెద్దాయన ఒక్కసారిగా ఒరిగిపోయాడు. ఫిట్స్ అనుకొని ఆయన చేతిలో నా తాళాల గుత్తి పెట్టాను. వెనక సీటులోంచి ఒకామె దూసుకొచ్చి, దాన్ని లాగి నాకిచ్చేసింది.

"గుండె ఆగింది. తాళాలతోని ఏమైతది? జర జరుగు!"

ఆయన్ను కింద పడుకోబెట్టి ఛాతీ నొక్కసాగింది. బస్సు ఆపి అందరం చుట్టూ నిలబడి చూశాం. అంబులెన్స్ వాళ్లొచ్చి ఆయన ఛాతీ మీద ఒక మిషను బిగించారు. అది తనంతట తానే నొక్కడం మొదలుపెట్టాకే ఆమె చేతులు తీసింది.

ఆయన్ను తీసుకెళ్లాక బస్సు కదిలింది. ఆమె నా పక్కన ఖాళీ అయిన సీటులో కూర్చొని మోచేతులు ఒత్తుకుంది.

"మిషను అలిసిపోదన్నా. నా రెక్కలు పడిపోయినయి. ఎవలన్న జర చెయ్యేస్తరేమోనని చూసిన."

నా పిడికిట్లో తాళాల గుత్తి ఇంకా అలాగే ఉంది.